నక్కతోక

మారేడుమిల్లి నుంచి దిగిన కలప లారీలో
కూలిన మామిడి మొద్దుని పట్టుకుని వచ్చింది.
కడియపులంక కాలవగట్టు మీద టైరు పంచరై లారీ ఆగితే
ముసలయ్య బాబాయి బీడీ ముట్టించుకుంటూ చూశాడు:
బెరడు మీంచి వేలాడే మూరెడు పూలగెల,
ఊదా చుక్క ఒక్కటంటే ఒక్కటీ లేదు.
"ఒసే సత్యవేణీ, కడిగిన బియ్యంలా ఉందే ఇది!
ఎవడో రంగేయడం మర్చిపోయాడు."
డ్రైవరుకి వంద రూపాయలు, ఒక మల్లె అంటు.
నక్కతోక తొక్కారన్నారు నర్సరీలో అందరూ.
ఆ పువ్వు పేరే నక్కతోక.

తొక్కడం వేరు, నిలబెట్టుకోవడం వేరు.

అగ్గిపుల్ల మొన చెక్కి
దాని పుప్పొడి దానికే అద్దాను.
నెలన్నరకి పిందె పసుపెక్కి రాలిపోయింది.
మరుసటేడూ అంతే.
మూడో ఏడు మామూలు చుక్కల నక్కతోకతో కలిపితే
నిలిచింది, చిటికెనవేలంత కాయ.
తొమ్మిది నెలలు. నవ్వకండి, నిజంగా తొమ్మిదే.
పగిలితే లోపల విత్తనాలు కావు, పౌడరు.
తుమ్మితే లక్ష ప్రాణాలు గాల్లో.

ల్యాబంటే వెనక వరండా, మూడు పక్కలా ప్లాస్టిక్ షీటు.
ప్రెషర్ కుక్కర్లో సీసాలు ఉడికించి
అగరులో అంబాజీపేట కొబ్బరినీళ్ళు,
మగ్గిన చక్కెరకేళి గుజ్జు, చిటికెడు బొగ్గుపొడి.
"జ్వరమొచ్చిన మనిషికి దొరకట్లేదు బోండాం,"
త్రిమూర్తులు గారు సణిగేవారు.
ఓనరు కదా, సణగాలి.

ఆరేళ్ళకి పూశాయి నలభై రెండు మొక్కలు.
నలభై రెండూ చుక్కలవే.
సంతలో బేరమాడి కొనుక్కెళ్ళే సరుకు.
ఆ శ్రావణంలోనే ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక.
ఏరు మా షేడ్‌నెట్ దాకా రాలేదు,
తేమ వచ్చింది.
తల్లి మొక్క నడిమొవ్వు నల్లబడి
పట్టుకున్న ఆకల్లా చేతిలోకి ఊడొచ్చింది.
"నష్టం కింద రాసేయ్ వేణమ్మా."
ఆయ్, రాశానండి.
రాస్తూనే అనుకున్నాను,
తెలుపు ఎక్కడికని పోతుంది?
మా నాయనమ్మ పిల్లికళ్ళు నాన్నకి రాలేదు,
నాకూ రాలేదు,
నా రెండోదాని మొహంలోంచి ఇప్పుడు నన్ను చూస్తున్నాయి.

ఆ చుక్కల పిల్లల్లోనే
ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పెట్టాను.
"అన్నాచెల్లెళ్ళకి ముడెట్టావేంటే పాపిష్టిదానా!"
బాబాయి రెండు చెవులూ మూసుకున్నాడు.
మేనరికమైతే ఒప్పుకునేవాడే.
మేనత్తలేరీ దానికి,
ఆ మొద్దు మీద ఒంటరిగా వచ్చిందానికి?

మళ్ళీ కాయ, మళ్ళీ తొమ్మిది నెలలు,
మళ్ళీ వరండాలో కుక్కరు కూత.

పూసేదాకా ఆగక్కర్లేదని
నాకెవరూ చెప్పలేదు.
నిన్న రాత్రి కరెంటు పోతే
బూజు పట్టిందేమోనని సీసా వెనక సెల్‌ఫోను లైటు పెట్టాను.
అగరులోకి దిగుతున్న వేళ్ళు, దారప్పోగంత లావు,
మొనలన్నీ వంకాయ తొక్క రంగు.
ఒక్కదానికి మాత్రం
అయిదు రోజుల వరినారు పచ్చ.
దాని పక్కన ఇంకోటి.

తల్లి వేళ్ళూ అలాగే ఉండేవి.
మామిడి బెరడుని వదలని వేళ్ళు, పచ్చటి గోళ్ళు.
ఇన్నేళ్ళు రోజూ తడిపాను వాటిని.
చూడలేదు.

నూట పన్నెండింట్లో ఇరవై ఆరు.
మళ్ళీ లెక్కపెడితే ఇరవై ఏడు.

త్రిమూర్తులు గారికి ఇంకా చెప్పలేదు.
చెబితే తెల్లారేసరికి
మిగతావన్నీ పారబోయమంటారు, అరలు ఖాళీ కావాలి.
ఆ ఊదా మొనల్లో ఎన్నిటి కడుపులో తెలుపు దాక్కుందో
ఏ లైటుకీ కనపడదు.
సీసాల మీద గుర్తేమీ పెట్టలేదు.

పూతకి ఇంకా నాలుగేళ్ళు.
కొబ్బరినీళ్ళు అయిపోయాయి,
పొద్దున్నే బాబాయిని పంపాలి.